ఆదిలో తప్పు

కరీంనగర్,
కార్తీక పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు.

ప్రియమైన దేవకికి,

ఆశీస్సులు అని మొదలుపెడితే పోయినసారిలాగే ఆ మాట కింద ఎర్రగీత గీసి, 'మీరు నాకన్నా మూడేళ్ళే పెద్ద' అని రాసి తిప్పి పంపుతావు. అందుకని దాన్ని మనసులోనే అనుకుని వదిలేస్తున్నాను. ఇక్కడ నేనూ ప్రణతీ బాగున్నాం. చొప్పదండిలో మా బాపు బాగున్నాడు. అక్కడ నువ్వూ, హాస్టల్లో నీ డెబ్బై మంది ఆడపిల్లలూ బాగున్నారని, పొద్దున్నే మంచులో నడవడం మానేశావని తలుస్తున్నాను.

నీ ఉత్తరం కిందటి వారం సోమవారం నాడు సిద్దిరాములు తెచ్చి ఇచ్చాడు. మా సంస్థ జీపు ఉట్నూరు దాటి మీ బడికి వచ్చినప్పుడల్లా మన టపా బాధ్యత కూడా అతనిదే అయిపోయింది. ఫోన్లున్న కాలంలో ఈ ఉత్తరాలేంటని మన అమ్మాయి నవ్వుతుంది. నువ్వు గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు, ఎక్కాక తిన్నావా, తిన్నాను అనేసరికే నీకు ఆయాసం వస్తుంది. పైగా కొన్ని సంగతులు నేను నోటితో చెప్పలేను. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, నీకు తెలియనిది కాదు.

లెక్కల టీచరువి కదా, నాలుగు ప్రశ్నలకీ అంకెలు వేసి పంపావు. మొదటి మూడింటికి జవాబులు తేలిక. నాలుగోది, 'మా పిల్లలు రాసిన ఎనిమిది ప్రోగ్రాములు ఏమయ్యాయి, మీ కొలతల్లో పెట్టారా?' అన్నది. ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను. ఆ జవాబు చదివాక నువ్వు నన్ను ఎలా చూస్తావో తెలియక ఇప్పటికి మూడు కాగితాలు చించాను. అందుకని నన్ను వరుసగానే రానీ.

ఒకటో ప్రశ్న. ప్రణతి పొద్దున తిని వెళ్తోంది. నిన్న సర్వపిండి చేశాను. అడుగు మాడింది. "డాడీ, గిది నువ్వే తిను, నాకు పరీక్షలున్నయి" అంది. అయినా సగం తింది. ఇంటర్ అయ్యాక ఏం చదువుతావంటే ఏదైనా సరే కంప్యూటర్లు మాత్రం కాదంటోంది. నన్ను రోజూ చూస్తోంది మరి. పోయిన మంగళవారం కొండగట్టు వెళ్ళొచ్చాం. జనం బాగా ఉన్నారు. పరీక్షల కోసం మొక్కుకున్నావా అని అడిగితే, నీకు ఆదిలాబాద్ నుంచి బదిలీ కావాలని మొక్కుకుందట.

రెండోది, బాపు వడ్లు. కొన్నారు, బస్తాలు మిల్లుకి వెళ్ళిపోయాయి, ఆయనకి ఇక పరేషాన్ లేదు. నిద్రపట్టక ఇప్పుడు పక్కింటి వాళ్ళ వడ్ల గురించి ఫికర్ చేస్తున్నాడు.

మూడోది, నీ జాకెట్లు. ఇక్కడ కొంచెం ఆగాలి. మూడూ కుట్టించాను, సిద్దిరాములు చేతికే ఇస్తున్నాను, కానీ అవి నీకు పట్టవు. కుట్టే శంకరవ్వ కొలతకని ఆది జాకెట్టు అడిగింది. నువ్వు చెప్పిన గోధుమ రంగుది బీరువాలో అడుగున ఉంది. పైన ఆ నెమలికంఠం రంగుది కనిపించింది, ప్రణతి పుట్టకముందు ధర్మపురి పోయినప్పుడు వేసుకున్నావే, అది. దాన్ని చూసి కాసేపు అక్కడే నిలబడ్డాను. తీసుకుపోయి అదే ఇచ్చాను. శంకరవ్వ అటూ ఇటూ తిప్పి చూసి, "గీ ఆది ఇప్పటిదేనా సారు?" అని అడిగింది. ఇప్పటిదే అన్నాను. ఎందుకన్నానంటే ఏం చెప్పను, నాకు ఆ కొలతే ఇష్టం. తెచ్చాక ప్రణతి చూసి నెత్తి కొట్టుకుంది. మళ్ళీ పట్టుకుని పోయి బిగుతుగా కుట్టావేంటని శంకరవ్వని అడిగాను చూడు, ఆమె మిషన్ ఆపి నా వైపు చూసింది.

"ఆదిల తప్పు వెట్టుకొని నా కుట్టుల ఎతుకుతే ఎట్ల సారు?"

ఆ మాట వినేసరికి నా మొహం ఎలా అయిందో, పాపం ఆమె కంగారుపడి కుర్చీ వేసింది. కోపం వచ్చిందనుకుంది. నాకు వచ్చింది కోపం కాదు. అప్పటికి నీ ఉత్తరం నా జేబులో నాలుగు రోజులుగా ఉంది.

ఇక నాలుగోది.

నువ్వు 'మీ దుబాసి' అని వెక్కిరించే నా ఇంటర్‌ప్రెటర్ సంగతి నీకు సగం తెలుసు. పిల్లలు మన 'బలపం' అనే ప్రోగ్రామింగ్ భాషలో తెలుగు మాటలతో రాసినదాన్ని ఒక్కొక్క వాక్యం చదివి కంప్యూటర్ చేత చేయించేది అదే. నాలుగేళ్ళు దాని మీదే కూర్చున్నాను. రెండేళ్ళ కింద తిరుమల మా సంస్థలో చేరింది. పెద్దపల్లి అమ్మాయి, కాలేజీలో నా దగ్గరే చదివింది, మనింటికి రెండుసార్లు వచ్చింది, నీ పచ్చిపులుసు అడిగి మరీ పోసుకుంది. ఆమె కూడా బలపానికి ఇంకో దుబాసిని తయారు చేసింది. రెండూ చేసే పని ఒకటే. నలభై బడుల్లో ఏది పెట్టాలనేదే ప్రశ్న. మనం బడులకిచ్చేవి ఆఫీసుల్లో వాడి వదిలేసిన పాత కంప్యూటర్లు కాబట్టి ఏది వేగంగా నడిస్తే అది అని కమిటీ తేల్చింది. వేగాన్ని వేటితో కొలవాలో, ఆ ప్రోగ్రాములు ఎంచే పని నాకు అప్పజెప్పింది. మా పనిలో వాటిని బెంచ్‌మార్కులంటారు. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఆది జాకెట్టు. పోటీలో ఉన్నది నేను, ఆది తెచ్చేదీ నేనే. ఆ రోజే నావల్ల కాదని చెప్పాల్సింది. ఎవరూ అనుమానించలేదు, నేనూ నన్ను అనుమానించుకోలేదు.

పది ప్రోగ్రాములు ఎంచాను. ప్రధాన సంఖ్యలు ఏరడం, అంకెలను వరుసలో పెట్టడం, పెద్ద పట్టికలను గుణించడం, ఇలాంటివి. ఊరికే ఎంచినవి కావు. ప్రపంచంలో అందరూ ఏళ్ళ తరబడి వాడుతున్నవే, పుస్తకాల్లో ఉన్నవే. అడిగితే చూపించడానికి ఆధారాలున్నాయి. వాటిల్లో నా దుబాసి తిరుమల దానికన్నా మూడింతలు వేగంగా పోయింది.

అప్పటికే, జులైలో, నువ్వు గీతల కాగితాల మీద నీలం సిరాతో ఎత్తి రాసి పంపిన ఎనిమిది ప్రోగ్రాములు నా టేబుల్ మీద ఉన్నాయి. బడుల్లో పిల్లలు నిజంగా రాసేవి ఇవీ, వీటితో కూడా కొలవండి అని రాశావు. మంచి మాట అనుకుని అన్నీ నేనే కూర్చుని టైపు చేశాను. ఒక్కదాంట్లోనూ పెద్ద లెక్కలు లేవు. ఒక పిల్ల 'పులుపు' లాంటి మాటలను వెనక నుంచి చదివినా మారవని పట్టుకునే ప్రోగ్రామ్ రాసింది. ఇంకో పిల్ల పొడుపు కథల ఆట రాసింది. ఏడో తరగతి సక్కుబాయిది పేరు ముగ్గు. మన పేరు కొడితే చాలు, అందులోని అక్షరాలతో తెర నిండా ముగ్గు వేస్తుంది. చూడగానే ముచ్చటేసింది. నీ పేరు కొట్టి నడిపించాను.

తెర మీద ఏమీ రాలేదు. ఆగిపోయిందనుకున్నాను. నలభై ఎనిమిది సెకన్ల తర్వాత ముగ్గు వచ్చింది. తిరుమల దుబాసి మీద అదే పేరు కొట్టాను. ఒక్క సెకను పట్టలేదు. ఎనిమిదిట్లో ఏడు అంతే.

కారణం తెలియడానికి నాకు ఐదు నిమిషాలు కూడా అక్కర్లేకపోయింది. సక్కుబాయి అని రాస్తే నీకూ నాకూ నాలుగు అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది తొమ్మిది ముక్కలు. ఆ 'క్కు' ఒక్కటే నాలుగు ముక్కలు. తెర నిండా ముగ్గుకి పేరును వందలసార్లు పేర్చాలి కదా, ఆ వరుసలో తొమ్మిది వందలో అక్షరం ఏదని అడిగితే నా దుబాసి ఒకటో ముక్క నుంచి కలుపుకుంటూ లెక్కపెడుతూ వస్తుంది. తొమ్మిది వందల ఒకటో అక్షరం అడిగితే మళ్ళీ మొదటికి పోయి మొదలుపెడుతుంది. నువ్వు ఒక్కో పిల్ల హాజరు వేయడానికి ప్రతిసారీ ఒకటో నంబరు నుంచి పిలుచుకుంటూ వచ్చినట్టు. తిరుమల దుబాసి మాట రాగానే ఒకేసారి అక్షరాలుగా విడదీసి వరుసగా పెట్టుకుంటుంది, తర్వాత ఏది అడిగినా నేరుగా తీసిస్తుంది. అలా చేస్తే మెమరీ ఎక్కువ తింటుందని నేనే అందరి ముందూ దాన్ని తిండిపోతు అని నవ్వాను. ఇంగ్లిష్ అక్షరాలకి ఈ గొడవ లేదు, ఒక్కోటీ ఒక్క ముక్కే. అక్కడ మాత్రం నా దుబాసి కూడా నేరుగా దూకుతుంది.

దేవకీ, ఇప్పుడు రాయబోయేదే నేను దాచింది. నీ ఎనిమిది ప్రోగ్రాములనూ జాబితాలో పెట్టలేదు. పిల్లలు రాసినవి, ప్రామాణికమైనవి కావని ఒక వాక్యం రాసి పక్కన పెట్టాను. అంతటితో ఆగి ఉంటే పొరపాటు అని చెప్పుకోవడానికైనా ఉండేది. మాటలతో చేసే ప్రోగ్రామ్ ఒక్కటైనా లేకపోతే ఎవరైనా అడుగుతారని భయమేసింది. అందుకని సక్కుబాయి పేరు ముగ్గునే తీసుకుని, పేరున్న చోట తెలుగు తీసేసి ఎ, బి, సి, డి కొట్టాను. అర సెకనులో వచ్చింది. దాన్ని పదకొండోదిగా చేర్చి 'అక్షరాల పరీక్ష' అని పేరు పెట్టాను. తెలుగులో రాసుకోవాలని పుట్టించిన భాషను ఇంగ్లిష్ అక్షరాలతో కొలిచాను. కమిటీలో ముగ్గురూ అంకెలే చూసి నా దుబాసినే ఎంచారు.

ఆ రోజు తిరుమల దగ్గరికి వెళ్ళి ఓదార్చాను కూడా. కావాలంటే నువ్వూ ఒకసారి కొలుచుకో అన్నాను, పెద్దమనిషిలా. ఆమె నవ్వింది.

"పరీక్షలు మీరు ఎంచినరు గద సర్. ఇగ నేను కొల్సుడెందుకు?"

సెప్టెంబర్లో నా దుబాసి నలభై బడులకి వెళ్ళింది. తిరుమలని చెడిపోయిన కీబోర్డులు బాగుచేసే పనికి మార్చారు. ఈ వారం దాకా అదే పని చేసింది. పొద్దున లోపలికి వస్తూ ఆమె బల్ల పక్కనుంచి కాకుండా వెనక తలుపు నుంచి రావడం అలవాటు చేసుకున్నాను.

ఎందుకు చేశావని నువ్వు అడుగుతావు. నాలుగేళ్ళ కష్టం ఓడిపోతుందని అన్నది నిజమే గాని, పూర్తి నిజం కాదు. నువ్వు అక్కడికి వెళ్ళి నాలుగేళ్ళయింది. నువ్వు రోజూ పొద్దున తాళం తీసే ఆ గదిలో, నువ్వు చెయ్యి పెట్టే కంప్యూటర్లో నా చేతి పని ఉండాలని ఆశపడ్డాను. ఇంకొకరిది ఉంటే ఓర్చుకోలేనేమో అనిపించింది. ఇంత వయసొచ్చి ఇలా రాయడం సిగ్గుగానే ఉంది, కానీ రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడో పేజీలో నువ్వు నవ్వుతూ రాసిన సంగతి ఉంది. మరిచిపోయి ఉంటావు, మళ్ళీ ఎత్తి రాస్తాను. 'సక్కుబాయి ఈమధ్య తన పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతోంది. వీళ్ళింట్లో మరాఠీ, రెండేళ్ళ కింద నా దగ్గరికొచ్చాకే తెలుగు రాయడం నేర్చుకుంది, మొదటిసారి తన పేరు తప్పు లేకుండా రాసిన రోజు బోర్డు చెరపనివ్వలేదు. ఇప్పుడు ఎందుకే ఇంగ్లిష్‌లో కొడుతున్నావంటే ఏమందో తెలుసా?' దాని కింద, నిన్ను 'బాయి' అని పిలిచే ఆ పిల్ల మాటను ఉన్నదున్నట్టు రాశావు.

"తెలుగుల కొడ్తె నా పేరు మిషిన్‌కు బరువైతంది బాయి. ఇంగ్లీషుల అయితె హల్కగ ఉరుకుతది."

నేను దొంగతనంగా చేసిన పనిని ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టుకుంది. నాది దాచడానికి, తనది గత్యంతరం లేక. తప్పు మిషన్‌ది కాదు, తన పేరుది అనుకుంది. ఎక్కడో మూడు గుట్టల అవతల కూర్చున్న పిల్ల తన పేరు బరువని అనుకుంటోందంటే దానికి కారణం నేను. ఆ పేజీ చదివినప్పుడు ప్రణతి ఎదురుగా ఉంది, ఏమైంది డాడీ అంది. కళ్ళలో ఏదో పడిందన్నాను. ఆ అబద్ధం కూడా లెక్కలో వేసుకో.

నాలుగు రోజులు ఏమీ చేయలేదు, ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. తర్వాత శంకరవ్వ ఆ మాట అంది. అక్కడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా ఆఫీసుకి వెళ్ళాను. తిరుమల బల్ల మీద విప్పిన కీబోర్డు ఉంది, మీటలు ఒక గిన్నెలో నానబెట్టుకుంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను, ఎ, బి, సి, డితో సహా. ఆమె మీటలు తుడవడం ఆపలేదు.

"నాకు ఎర్కే సర్. అక్టోబర్ల ఒక బడి నుంచి మిషిన్ అస్తమానం ఆగుతందని ఫోన్ వచ్చింది. అప్పుడు చూసిన."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె ఓడిపోయినందుకు అంటంది అనుకుందురు. మీరే చెప్తరని చూసిన. ఇగ చూసుడు బంద్ చేద్దామనుకున్న యాల్లకు వచ్చిండ్రు."

క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. మరునాడు కమిటీకి మొత్తం రాసిచ్చాను. నీ ఎనిమిది ప్రోగ్రాముల ఫలితాలూ పక్కనే పెట్టాను. వాళ్ళు కేకలేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. అందులో పెద్దాయన కళ్ళజోడు తీసి, ఎన్ని నెలలు అని మాత్రం అడిగాడు. మూడు నెలలు అన్నాను. ఇక మీద కొలిచే పని నా చేతిలో ఉండదు. నా దుబాసిని నలభై బడుల నుంచీ తీసేస్తున్నారు. తిరుమలది పెడుతున్నారు. లెక్కల దగ్గర ఆమెది నెమ్మది కాబట్టి ఆ భాగం వేగం చేసే పని నాకు ఇస్తారా అని అడిగాను. కమిటీ తిరుమల వైపు చూసింది. ఆమె సరే అంది. సోమవారం నుంచి నేను ఆమె కింద పనిచేస్తున్నాను. నిన్న నేను రాసింది చూసి రెండు తప్పులు పట్టింది. రెండూ నిజమే.

కొత్త జాబితా తిరుమల కట్టింది. పదిలో మూడింటిని ఉంచింది, మిగతావన్నీ బడుల నుంచి తెప్పిస్తోంది. మీ పిల్లలవి ఎనిమిదీ అందులో ఉన్నాయి. పేర్లన్నీ తెలుగులోనే. మొదటిది పేరు ముగ్గు. అది రాసినామె పేరు కూడా పక్కన ఉండాలని తిరుమల పట్టుబట్టింది, ఉంది.

నాలుగో ప్రశ్నకి జవాబు ఇదీ. తిట్టాలనుంటే గుట్ట ఎక్కి ఆయాసపడకు, ఉత్తరంలోనే తిట్టు, ఎర్ర సిరా ఎంతైనా వాడు. అసలు జవాబే రాయకుండా మాత్రం ఉండకు. సంక్షిప్తంగా రాసినా చాలు. ఆ మూడు జాకెట్లూ ప్రణతికి ఇచ్చేద్దామా, విప్పించమందామా అదీ రాయి. ఈసారి గోధుమ రంగుదే ఆది ఇస్తాను.

ఈ ఉత్తరంతోపాటు సిద్దిరాములు తిరుమల దుబాసిని తెస్తున్నాడు. అతనే అన్ని కంప్యూటర్లలో పెట్టి వెళ్తాడు, ఒక పూట పని. అది అయ్యాక అందరికన్నా ముందు సక్కుబాయిని కూర్చోబెట్టు. ఆమె అలవాటుగా ఇంగ్లిష్ అక్షరాలు కొట్టబోతుంది. ఆపి, తెలుగులో కొట్టమను, పూర్తి పేరు. ముగ్గు వచ్చేదాకా నువ్వు పక్కనే నిలబడు. ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. తర్వాత ఆ పిల్లకి చెప్పు, బరువు తన పేరుది కాదు, ఇన్నాళ్ళూ ఒక పెద్దాయన తప్పు చేసి చెప్పకుండా ఉన్నాడని. ఆ పెద్దాయన ఎవరని అడిగితే నా పేరు దాచకు.

ఇట్లు,
నీ ఎర్రగీతల కోసం ఎదురుచూసే
మీ ఆయన,
విద్యాధర్